జేబు కార్డులు: ఒకేలా కనిపించే సీతాకోకచిలుకల ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

ప్రాజెక్టు ఇదీ: విజిటింగ్ కార్డు సైజులో చిన్న కార్డులు, ఒక్కో కార్డు మీద ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునే రెండు సీతాకోకచిలుకలు. మూలపాడు సీతాకోకచిలుకల పార్కులోనో, కొండవీడు ఘాట్‌రోడ్డు మీదో నడుస్తుంటే జేబులోంచి తీసి చూడగానే ఏది ఏదో తేలిపోవాలి. లావుపాటి పుస్తకం మోసుకెళ్ళి, పేజీలు తిప్పుతుండగా అది కాస్తా ఎగిరిపోయి, తర్వాత ఇంటికొచ్చి ఫోటో జూమ్ చేసుకుంటూ కూర్చోవడం నాకు విసుగొచ్చింది.

నేను పనిచేసేది గవర్నర్‌పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో, డీటీపీ సెక్షన్. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, స్కూలు డైరీలు. కార్డు తయారుచేయడం రోజువారీ పని, సీతాకోకచిలుకలు ఆదివారం పిచ్చి. మన దేశంలో 1,300కి పైగా సీతాకోకచిలుకల జాతులున్నాయి. వాటన్నిటితో నాకు పనిలేదు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మామూలుగా తగిలేవి, అందులోనూ కొత్తవాళ్ళని తికమక పెట్టేవి చాలు. ఇంగ్లీషు పేర్లతోనే లిస్టు రాసుకున్నాను: టైగర్లు, వాటి వేషం వేసే ఎగ్‌ఫ్లైలు, రోజ్‌లు, మార్మన్లు, పసుపువి, గడ్డిలో తిరిగే బుల్లి నీలాలు, కాకులు (క్రో అనే సీతాకోకచిలుకలు).

పని మొదలవకముందే ఒక నియమం పెట్టుకున్నాను. కార్డు మీద రంగు ఉండదు. నలుపు తెలుపు గీతబొమ్మ, ఎక్కడ చూడాలో చెప్పే ఒక్క బాణం. విన్నవాళ్ళందరూ అదేంటన్నారు. సీతాకోకచిలుక బొమ్మకి రంగు వద్దంటే ఎవరికైనా వింతే మరి. కానీ ప్రెస్సులో ఉన్నవాళ్ళకి రంగు సంగతి తెలుసు. బ్లూ టైగర్ రెక్క మీద ఉండే ఆ పాలిపోయిన నీలం ఉందే, సయాన్ (నీలం సిరా) కాస్త ఎక్కువైతే ఆకాశంలా వస్తుంది, కాస్త తగ్గితే బూడిదలా వస్తుంది. ఒకే ఫైలు రెండు మెషీన్లలో వేస్తే రెండు నీలాలు. బయట ఎండలో కూడా అంతే. వారం రోజులు ఎగిరేసరికి రెక్కల మీది పొలుసులు రాలిపోయి నారింజది గోధుమరంగుకి దిగుతుంది. వానాకాలంలో పుట్టినది ఒక రంగు, ఎండాకాలంలో పుట్టినది ఇంకో రంగు. చుక్క ఉండే చోటు మాత్రం అంత తేలిగ్గా మారదు.

జూలై: జిల్లేడు, గంగపాయల కూర

మొదటి కార్డుకి జత ముందే ఖాయం. ప్లెయిన్ టైగర్, డనైడ్ ఎగ్‌ఫ్లై ఆడది.

ప్లెయిన్ టైగర్‌ని చూడనివాళ్ళు ఉండరు, పేరు తెలియదంతే. ఇటుక రంగు రెక్కలు, ముందు రెక్క కొన నలుపు, ఆ నలుపులో తెల్ల పట్టీ. జిల్లేడు మొలిచిన ప్రతి ఖాళీ స్థలంలోనూ ఉంటుంది. దీని గొంగళిపురుగు జిల్లేడు ఆకు తిని, ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్ళీ దీని జోలికి రాదు. అందుకే దీనికి దేనికీ తొందర ఉండదు. ఎగ్‌ఫ్లైకి ఆ విషం లేదు, వేషం మాత్రం ఉంది. అదీ ఆడదానికే. మగది నల్ల రెక్కల మీద పెద్ద పెద్ద తెల్ల మచ్చలతో, మచ్చల చుట్టూ ఊదారంగు మెరుపుతో, అసలు సంబంధమే లేనట్టు ఉంటుంది. ఇలా విషం లేనివి విషమున్నవాటి వేషం కట్టడాన్ని అమెజాన్ సీతాకోకచిలుకల మీద పనిచేసిన హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో వివరించాడు. దాన్ని చూడ్డానికి మనం అంత దూరం పోనక్కర్లేదు, ఇబ్రహీంపట్నం దాటితే చాలు.

కొత్తగా చూసేవాళ్ళ చూపు ముందు రెక్క కొన మీదికే పోతుంది. అక్కడ కొట్టొచ్చినట్టు ఉంటుంది కాబట్టి. కానీ వేషం అంతా ఉన్నదే అక్కడ. పైగా కొన నలుపు లేని రూపాలు ఈ రెండింట్లోనూ ఉన్నాయి. చూడాల్సింది వెనక రెక్క. ప్లెయిన్ టైగర్‌కి వెనక రెక్క మధ్యలో నల్ల చుక్కలు ఉంటాయి, ఆడదానికి మూడు, మగదానికి నాలుగు. ఆ నాలుగోది ఆడదాన్ని ఆకర్షించే వాసన సంచి. రెక్క మూసినప్పుడు కింది వైపు నుంచి చూస్తే దాని నడిమధ్యన తెల్లటి పొట్టు అంటుకున్నట్టు ఉంటుంది. ఎగ్‌ఫ్లైకి ఆ మధ్యభాగం ఖాళీ. పై అంచు దగ్గర ఒక్క నల్ల మచ్చ, అంతే.

ఇంకో గుర్తు నాకు ఎక్కువ నచ్చింది. మెడ, ఛాతీ. టైగర్ కుటుంబంలో అన్నిటికీ తల మీదా ఛాతీ మీదా నల్లటి నేపథ్యంలో తెల్ల చుక్కలు ఉంటాయి, ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు. ఎగ్‌ఫ్లైకి అది మామూలు గోధుమరంగు ఒళ్ళు. రెక్కలు ఆడిస్తూ కూర్చున్నా, పూలలో సగం దాక్కున్నా, ఛాతీ కనిపిస్తే చాలు. కార్డు మీద రెండు బాణాలకి చోటు లేదు. వెనక రెక్క బాణం ముందు వైపు, ఛాతీ బాణం కార్డు వెనక వైపు వేశాను.

మా మేడ మీద గులాబీ కుండీల్లో గంగపాయల కూర దానంతట అదే మొలుస్తుంది. మా ఆవిడ పప్పులోకి కోస్తుంటుంది. మధ్యాహ్నం పూట ఒక "ప్లెయిన్ టైగర్" ఆ కుండీ చుట్టూ తిరిగి, మట్టి మీద దిగి, నాలుగడుగులు నడిచి, పొట్ట వంచి ఆకు అడుగున గుడ్డు పెట్టింది. జిల్లేడు తినేదానికి గంగపాయలతో ఏం పని? రెక్క చూడకముందే ఎగ్‌ఫ్లై అని తెలిసిపోయింది. గుడ్డు పెట్టే ఆడది దొరికితే రెక్క కంటే మొక్క గట్టి సాక్ష్యం. ఆ రోజు నుంచి ప్రతి కార్డు కింది అంచున ఒక వరుస కలిపాను: "గుడ్లు ఎక్కడ". కుండీకి ఓ పక్క కూర కోయకుండా వదలమని ఇంట్లో ఒప్పందం కూడా కుదిరింది.

మా తమ్ముడి కూతురు ఏడో తరగతి. డ్రాయింగులు గీసిపెట్టేది తనే. "పెదనాన్నా, కాళ్ళు లెక్కపెడితే తేలిపోదా?" అంది. మంచి ప్రశ్న. ప్లెయిన్ టైగర్ నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది, ముందు రెండూ చిన్నవై ఛాతీకి అతుక్కుని ఉంటాయి. కానీ ఎగ్‌ఫ్లై కూడా అదే పెద్ద కుటుంబం, దానిదీ అదే తీరు. ఇక్కడ కాళ్ళు పనికిరావని చెప్పాను. "ఇంకెక్కడైనా పనికొస్తాయేమో రాసి పెట్టుకో" అంది. రాసి పెట్టుకున్నాను.

ఆగస్టు: ఎర్ర ఒళ్ళు, నల్ల ఒళ్ళు

వానలు పడ్డాక మూలపాడులో వాగు పక్కన తడిమట్టి మీద గుంపులు చేరుతున్నాయి. ఉప్పు, ఖనిజాల కోసం మట్టినీరు పీల్చేవాటిలో ఎక్కువ మగవే. కార్డులకి కావాల్సింది ఆడ మార్మన్లు. అవి ఇక్కడ కాకుండా నీడలో, పొదల చుట్టూ దొరికాయి.

కామన్ మార్మన్ మగది నల్లగా, వెనక రెక్క మీద తెల్ల మచ్చల వరుసతో ఉంటుంది. ఆడది మూడు రకాలు. ఒకటి అచ్చం మగదానిలా. రెండోది కామన్ రోజ్‌లా. మూడోది క్రిమ్సన్ రోజ్‌లా. ఈ మూడూ ఒకే జాతి ఆడవని ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1865లోనే రాశాడు. డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక్క జన్యువు ఈ వేషాలన్నీ నడిపిస్తోందని సీతాకోకచిలుకల శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటే బృందం 2014లో చూపించింది. ఆ జన్యువుకి అసలు ఉద్యోగం ఆడా మగా తేడాలు తీర్చడం. అదనంగా ఈ డ్యూటీ కూడా పడిందన్నమాట.

గుర్తు మాత్రం చాలా తేలిక. ఒళ్ళు చూడాలి. రోజ్‌లకి పొట్ట, తల పక్కలు ఎర్రగా ఉంటాయి. మార్మన్‌కి రెక్కల మీద ఎంత ఎరుపున్నా ఒళ్ళు నలుపే. రంగు వద్దన్న నా నియమానికి ఇక్కడే చిక్కొచ్చింది. చివరికి రోజ్ ఒంటికి గళ్ళ గీతలు వేసి పక్కన "ఎరుపు" అని రాశాం, మార్మన్ ఒంటిని నిండుగా నలుపు నింపేశాం.

అక్కడ తిరిగే వాచర్ ఒకాయన మా వెనకే వచ్చి చూస్తున్నాడు. "ఎర్ర మచ్చలవన్నీ ఒకటే కదా సార్?" అన్నాడు. "అన్నా, పొట్ట చూడు" అని చెప్పి కార్డు నమూనా చేతిలో పెట్టాను. కాసేపటికి పొదలోకి వంగి, "ఇది నల్ల పొట్టది సార్, కరివేపాకు బాపతు" అని పిలిచాడు. మార్మన్ గుడ్లు పెట్టేది నిమ్మ, కరివేపాకు మొక్కల మీదని నేను అంతకుముందు అన్న మాట పట్టేశాడు. ఇంట్లో కరివేపాకు చెట్టున్నవాళ్ళు దీని పురుగుని చూసే ఉంటారు, మొదట పిట్ట రెట్టలా ఉండి తర్వాత ఆకుపచ్చగా మారేది అదే. రోజ్‌లకి కావాల్సింది ఈశ్వరి తీగ, గాడిదగడపాకు. గాడిదగడపాకు గుంటూరు వైపు నల్లరేగడి చేల గట్ల మీద కలుపుగా ఉంటుంది. గట్లు శుభ్రంగా చెక్కేసిన చోట రోజ్‌లు పలచబడతాయి.

సెప్టెంబరు: పసుపువి

ఇది బిగ్ బటర్‌ఫ్లై మంత్. 2020 నుంచి ఏటా సెప్టెంబరులో దేశమంతా ఔత్సాహికులు చూసినవి నమోదు చేస్తున్నారు. నమోదు చేయాలంటే పేరు కావాలి, పేరంటే పసుపువాటి దగ్గర అందరికీ టెన్షన్.

కామన్ గ్రాస్ యెల్లో, త్రీ-స్పాట్ గ్రాస్ యెల్లో, స్మాల్ గ్రాస్ యెల్లో, స్పాట్‌లెస్ గ్రాస్ యెల్లో. నాలుగూ నిమ్మపండు పసుపే, అంచున నలుపే. కూర్చుంటే రెక్క తెరవవు. అందుకని పుస్తకాల్లో ఉండే పై వైపు బొమ్మలు అడవిలో అక్కరకు రావు.

మూసిన రెక్కలో చూడాల్సిన చోటు, ముందు రెక్క కింది వైపు, మొదలు దగ్గర నరాల మధ్య ఉండే పొడుగాటి గది. అందులో గోధుమరంగు సన్నటి గుర్తులు. రెండుంటే కామన్, మూడుంటే త్రీ-స్పాట్. ఏమీ లేకపోతే స్మాల్ గానీ స్పాట్‌లెస్ గానీ. స్పాట్‌లెస్‌కి ముందు రెక్క కొన గుండ్రంగా కాకుండా కత్తిరించినట్టు కోణంగా ఉంటుంది, వెనక రెక్క కింది వైపు రెండు వాలు గీతలు పక్కపక్కనే పోతాయి. ఇదంతా చదవడానికి బాగానే ఉంది. అసలు కష్టమేమిటంటే, అది విశ్రాంతిగా కూర్చున్నప్పుడు ముందు రెక్కని వెనక రెక్క లోపలికి దించేస్తుంది. గుర్తులున్న గది మూతపడుతుంది. తేనె తాగేటప్పుడు, లేదా పక్కన ఇంకోటి వచ్చి కదిపినప్పుడు ముందు రెక్క పైకి లేస్తుంది. ఆ అర సెకనులో లెక్కపెట్టాలి. లేవకపోతే "గ్రాస్ యెల్లో" అని మాత్రమే రాసి ముందుకి పోవాలి. ఊహించి జాతి పేరు వేస్తే ఆ నమోదు వల్ల తర్వాతివాళ్ళకి తలనొప్పి.

రెండో దారి ఎండ. సూర్యుడు సీతాకోకచిలుక వెనక ఉండేలా మనం ఇటు పక్కకి వచ్చి కూర్చోవాలి. ఫోటోలకి ఇది తలకిందుల పద్ధతి, వెలుతురు మన వెనక ఉండాలనే ఎవరైనా చెబుతారు. కానీ పసుపు రెక్క పలచన. వెనకనుంచి ఎండ పడితే పై వైపున్న నల్ల అంచు నీడలా ఇవతలికి కనిపిస్తుంది. ఆ నల్ల అంచు లోపలి గీత కామన్ గ్రాస్ యెల్లోలో ఒకచోట కొరికినట్టు లోపలికి పోతుంది. స్మాల్‌లో ఆ కొరుకు ఉండదు, గీత సాఫీగా వంపు తిరుగుతుంది. బందరు కాలవ గట్టు మీద తంటెం మొక్కల్లో పొద్దున్నే ఇలా ఎండకి ఎదురు కూర్చుని చూశాను. వాకింగుకి వచ్చే పెద్దాయన ఆగి, "ఏం పోయింది బాబూ?" అని తనూ నేల మీద వెతకడం మొదలెట్టాడు.

గుడ్ల వరుస ఇక్కడ బాగా పనికొచ్చింది. కామన్ గ్రాస్ యెల్లో ఆకుకి ఒక గుడ్డు చొప్పున పెడుతుంది, తంటెం, అవిశ, సీమచింత మీద. త్రీ-స్పాట్ గుత్తిగా పెడుతుంది, పురుగులు కూడా గుంపుగానే తింటాయి. ఒక లేత కొమ్మని పదుల కొద్దీ పచ్చ పురుగులు వరుసగా గీకుతుంటే రెక్కల గొడవే అక్కర్లేదు.

ప్రింటులో సమస్య వేరే వచ్చింది. నిజం సైజులో గీస్తే ఆ గుర్తులు వెంట్రుక మందం. పావు పాయింటు గీత మా డిజిటల్ మెషీన్‌లో తెగిపోతోంది. రెక్క మొత్తం వేయడం మానేసి, ముందు రెక్క మొదలు భాగాన్ని ఒక్కదాన్నే పెద్దది చేసి గుండ్రటి చట్రంలో పెట్టాం. మూలకి చిన్న పూర్తి బొమ్మ, చట్రం ఎక్కడిదో చూపించడానికి. ఈ లేఅవుట్ నచ్చి పాత కార్డుల్ని కూడా ఇలాగే మార్చేశాను.

ఎమిగ్రెంట్లు అనే ఇంకో జత కార్డు ఒక్క పూటలో అయిపోయింది. రెక్క కింది వైపు నూకలు చల్లినట్టు సన్నటి గీతలుంటే మాటిల్డ్, నున్నగా ఉంటే కామన్. కామన్‌లో మీసాలు నల్లగా ఉండే రూపం, ఎర్రగా ఉండే రూపం రెండూ ఉన్నాయి కాబట్టి మీసాల్ని పట్టించుకోవద్దని కింద ఒక ముక్క రాశాం.

అక్టోబరు: గడ్డి నీలాలు

వీటి గురించి ఎంత రాసినా తక్కువే. రెక్కలు చాపినా రెండు సెంటీమీటర్ల చిల్లర. గడ్డి మీద అడుగు ఎత్తులో ఎగిరి, కూర్చుని, మళ్ళీ ఎగిరి... నిలబడి చూస్తే అన్నీ బూడిదరంగు దుమ్మే. బోర్లా పడుకోవాల్సిందే. పొద్దున ఎండ ముదరకముందు వెళ్తే ఒళ్ళు వేడెక్కక కదలకుండా ఉంటాయి. ఫోనుకి క్లిప్ లెన్సు పెట్టి, ఊపిరి తగలకుండా పక్కనుంచి తీయాలి.

నాలుగున్నాయి. డార్క్ గ్రాస్ బ్లూ, పేల్ గ్రాస్ బ్లూ, లెస్సర్ గ్రాస్ బ్లూ, టైనీ గ్రాస్ బ్లూ. నాలుగింటికీ కింది వైపు బూడిదరంగు మీద నల్ల చుక్కలు. చుక్కలన్నీ చూస్తే మతిపోతుంది, కాబట్టి వరుసగా రెండే ప్రశ్నలు. మొదటిది: ముందు రెక్క గది మధ్యలో చుక్క ఉందా? గది చివర ఉండే అడ్డగీత అన్నిటికీ ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అంతకంటే లోపల, ఒంటి వైపు, విడిగా ఒక చుక్క. ఉంటే డార్క్ లేదా పేల్. లేకపోతే లెస్సర్ లేదా టైనీ.

లేనివాటికి రెండో ప్రశ్న: ముందు రెక్క పై అంచుని ఆనుకుని చిన్న చుక్కలున్నాయా? ఉంటే టైనీ. లెస్సర్‌కి అక్కడ ఉండవు. దానికి వెనక రెక్క చుక్కల వరుసలో పై నుంచి రెండోది వరుస తప్పి లోపలికి జరిగి ఉంటుంది. నిఖార్సైన విల్లు వంపులా రావాల్సిన వరుస అక్కడ విరుగుతుంది. మా తమ్ముడి అమ్మాయి దీన్ని గీసిన తీరు చూసి ముచ్చటేసింది. చుక్కల్ని కలుపుతూ ఒక సన్నటి చుక్కల గీత గీసింది. డార్క్‌లో ఆ గీత సాఫీగా వంగింది, లెస్సర్‌లో మెలిక పడింది. నేను నాలుగు వాక్యాలు రాసి పెట్టుకున్న చోట ఆ మెలిక చాలు. వాక్యాలు తీసేశాను.

డార్క్, పేల్ మధ్య తేడాకి మూసిన రెక్క అంత సాయం చేయదు. రెక్క తెరిచినప్పుడు మగది ముదురు ఊదానీలమైతే డార్క్, వెండి కలిసిన లేత నీలమైతే పేల్. రంగు మళ్ళీ తొంగి చూసింది! అందుకని ఈ జతకి మొక్కనే పెద్దగా వేశాం. తోటకూర మడి దగ్గరో, పల్లేరు దగ్గరో గుడ్డు పెడుతుంటే డార్క్. పులిచింత ఆకు మీదైతే పేల్.

అక్టోబరు చివర: కాకులు, కాళ్ళ లెక్క

జనుము, దాని అడవి బంధువు గిలిగిచ్చ ఉన్నచోట వాడిన ఆకులకి, కాయలకి టైగర్లూ కాకులూ వేలాడుతున్నాయి. అన్నీ మగవే. ఆ మొక్కల్లోని ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు వీటికి ఆడవాటిని ఆకర్షించే వాసనకి ముడిసరుకు. ఈ మత్తులో ఉన్నప్పుడు మనం దగ్గరికి వెళ్ళినా పట్టించుకోవు, తీరిగ్గా గీసుకోవచ్చు.

బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్ జతకి మచ్చల వెడల్పే ఆధారం. బ్లూ టైగర్‌కి లేత మచ్చలు వెడల్పు, మధ్యలో నలుపు తక్కువ. డార్క్‌లో మచ్చలు సన్నబడి నలుపు పెరుగుతుంది. నలుపు తెలుపు కార్డుకి అచ్చంగా కుదిరిన జత. నీలం సిరా గురించి మొదట్లో పడిన దిగులంతా వృథా అయిందన్న తృప్తి కూడా ఉంది.

కామన్ క్రో మగదానికి ముందు రెక్క పై వైపు ఒక ముద్ర, డబుల్-బ్రాండెడ్ క్రోకి రెండు. రెక్క మూసి వేలాడుతున్నప్పుడు ఆ ముద్రలు కనపడవు. తెరిచే వరకూ "కాకి" అనే రాయాలి. కార్డు మీద ఆ మాటే పెట్టాం: "తెరిస్తేనే చెప్పు". గ్రేట్ ఎగ్‌ఫ్లై ఆడది కాకిలా నల్లటి గోధుమరంగులో వస్తుంది. దానికి మొదటి కార్డు వెనకున్న ఛాతీ బాణమే సరిపోయింది. కాకి కూడా టైగర్ కుటుంబమే కాబట్టి తెల్ల చుక్కలు కొట్టొచ్చినట్టు ఉంటాయి, ఎగ్‌ఫ్లైకి అలా ఉండవు.

ఇక కాళ్ళు. కామన్ మైమ్ అని ఒకటుంది. మార్మన్లకి చుట్టం, రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి కాకిలా, ఇంకోటి బ్లూ టైగర్‌లా. ఎగరడం కూడా వాటిలాగే నిదానం. కొండవీడులో మెట్ల పక్కన పూల మీద ఒక బ్లూ టైగర్ వాలి ఉంటే ఫోటో తీసి ఇంటికొచ్చాక పెద్దది చేశాను. పూరేకుల్ని పట్టుకుని ఆరు కాళ్ళు స్పష్టంగా ఉన్నాయి. టైగర్‌కి నాలుగే కనపడాలి. మైమ్ ఉన్న కుటుంబంలో ఆరు కాళ్ళూ పూర్తిగా పెరుగుతాయి, ఆరింటి మీదా నిలబడుతుంది. మెడ దగ్గర టైగర్ చుక్కల్లాంటివి దీనికీ కాస్త ఉంటాయి కాబట్టి ఛాతీ బాణం ఇక్కడ నమ్మదగ్గది కాదు, కాళ్ళే దిక్కు. మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "నేను అప్పుడే చెప్పాను కదా పెదనాన్నా!" అని ఆ కార్డుకి తన పేరు కావాలంది. కింద మూలన అతి చిన్న అక్షరాల్లో పెట్టాం.

స్విఫ్ట్‌ల జోలికి పోలేదు. వరిచేల మీద తిరిగే ఆ గోధుమరంగు బుల్లివాటిలో చాలావాటిని చేతిలో పెట్టి చూసినా తేల్చడం కష్టం. వల నేను వాడను, రిజర్వు ఫారెస్టులో వల పట్టుకుని తిరగడం కుదరదు కూడా.

డిసెంబరు: ప్రింటు, పిల్లలు

మొదటి విడత 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు మీద, మెరిసే గ్లాసీ లామినేషన్‌తో వేశాం. బల్ల మీద దివ్యంగా ఉంది. ఎండలోకి తీసుకెళ్తే అద్దంలా మెరిసి బొమ్మ కాకుండా మన మొహం కనపడుతోంది. మ్యాట్ లామినేషన్‌కి మార్చాం. మూలలు గుండ్రంగా కట్ చేయించి, ఒక మూలన కన్నం పొడిచి దారం కట్టాం. రింగు వేస్తే జేబులో గుచ్చుకుంటోంది.

తెలిసిన సైన్స్ మాస్టారు తమ స్కూలు పిల్లల్ని కొండవీడు తీసుకొచ్చారు. కార్డులు ఇచ్చి ఏమీ చెప్పకుండా వెనక నడిచాను. ఛాతీ కార్డుని, రోజ్‌ల కార్డుని అడక్కుండానే పట్టేశారు. గ్రాస్ యెల్లో కార్డు దగ్గర గుంపంతా ఆగిపోయింది. చట్రంలో ఉన్నది రెక్కలో ఏ భాగమో అర్థం కాలేదు. మూలకున్న చిన్న బొమ్మ మరీ చిన్నది. ఒక కుర్రాడు, "సార్, ఇది తలా తోకా?" అని అడిగాడు. రెండో విడతలో ఆ చిన్న బొమ్మకి తల, మీసాలు కొట్టొచ్చినట్టు వేయాలి. గడ్డి నీలాల కార్డు మాత్రం ఆడపిల్లలు ఇద్దరు లాక్కుని, దారి పొడవునా గడ్డిలో బోర్లా పడుకుంటూనే వచ్చారు. మాస్టారు యూనిఫాముల సంగతి తలుచుకుని తల పట్టుకున్నారు.

జనవరి: మినుము చేలో

తెనాలి వైపు మాగాణి మినుము పూత మీద ఉంది. గ్రామ్ బ్లూ, పీ బ్లూ రెండూ ఇక్కడ దండిగా ఉంటాయని వెళ్ళాను. రెండింటికీ వెనక రెక్క చివర సన్నటి తోక, దాని పక్కన కళ్ళలాంటి నల్ల మచ్చలు. పీ బ్లూ కింది వైపంతా గోధుమరంగు అలలు, అంచుకి దగ్గరగా ఒక వెడల్పాటి తెల్ల పట్టీ ఉంటుంది. ఆ పట్టీ దూరం నుంచి కూడా తెలుస్తుంది. గ్రామ్ బ్లూకి పట్టీ లేదు, వెనక రెక్క పై అంచున రెండు నల్ల చుక్కలు. దాన్ని పోలిన ఫర్గెట్-మీ-నాట్ అనే సీతాకోకచిలుకతో తేడా తోక దగ్గర ఉంది: గ్రామ్ బ్లూకి నారింజ టోపీ పెట్టిన కళ్ళు రెండు, ఫర్గెట్-మీ-నాట్‌కి ఒకటే.

గట్టు మీద కూర్చుని గీస్తుంటే చేను గల రైతు వచ్చాడు. ఏంటని అడిగితే, "బాబాయ్, మీ చేలో నీలం సీతాకోకచిలుకలున్నాయి, వాటి కోసం" అన్నాను.

"అవి పువ్వులో గుడ్డు పెడితే పురుగు కాయలో దూరుద్ది. మేం మందు కొట్టి చంపేవాటికి నువ్వు బొమ్మలేస్తున్నావా?" అని నవ్వాడు. కార్డు తీసుకుని కాసేపు తిప్పి చూసి, "అయితే మా చేలో ఏది ఎక్కువ?" అన్నాడు. చూసినంతవరకు గ్రామ్ బ్లూ అన్నాను. పక్కనున్న కంది సాలు చూపించి అక్కడా చూడమన్నాడు. కంది పూల మీద తెల్ల పట్టీది, పీ బ్లూ. కాసేపటికి ఆయనే వేలు పెట్టి "పట్టీది... పట్టీది... ఇది కాదు" అని లెక్క చెబుతుంటే నేను రాసుకున్నాను.

ప్రస్తుతానికి మిగిలిన పని: పసుపువాటి కార్డులో చిన్న బొమ్మ మార్చాలి. కామన్ గల్, పయనీర్ జత గీత దశలో ఉంది. పయనీర్‌కి ముందు రెక్క గది చివర నల్లటి కొక్కెం ఉంటుంది, గల్‌కి ఆ కొక్కెం లేదు, నరాలు నల్లబారి ఉంటాయి. కార్డు వెనక గుడ్ల వరుసకి ఆదొండ తీగ బొమ్మ కావాలి, పూత మీద ఉన్నప్పుడు చూసి గీస్తానని మా అమ్మాయి పట్టుబట్టింది. పరీక్షలయ్యాక కొండపల్లి ఖిల్లా దారిలో వెతకాలి. ప్రెస్సులో ఎన్నికల కరపత్రాలో, పెళ్ళిళ్ళ సీజనో తగలకముందే మ్యాట్ ఫిల్మ్ రోలు ఒకటి పక్కన పెట్టమని లామినేషన్ కుర్రాడికి చెప్పి ఉంచాను.